పూచీ యెవరిది?

ప్రభుత్వము ప్రజల గుమ్మముకడకు వచ్చుట మంచిదా కాదా యని యడుగువాడు నేడు మన దేశమున లేడు. పింఛను ఇంటికి వచ్చుట మేలు. కులధ్రువపత్రమునకై నాలుగుమాఱులు మండల కార్యాలయమునకు తిరుగుటకంటె చేతిలోని ఫోనునందే దానిని పొందుట మేలు. ఇందు వాదము లేదు. కావున యంత్రములు మంచివా చెడ్డవా యను పాత తగవును మేమిచట తెఱవబోము. మా ప్రశ్న చిన్నది. యంత్రము పొరబడినప్పుడు ఆ పొరపాటు నెవరు మోయవలెను? దానిని పెట్టినవారా, దాని యెదుట నిలువబడినవారా? ఇది ఇంజనీర్లు తేల్చుకొనవలసిన విషయమని పలువురు తలచుచున్నారు. మాకట్లు తోచదు. ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. అందుచేతనే మనవంటి గృహస్థులకును దీనితో పనియున్నది.

మొదట న్యాయముగా చెప్పవలసినది చెప్పుదము. ఒకప్పుడు మన పల్లెలలో భూమి యెవరిదో, దాని హద్దు లెచ్చటనో, శిస్తు బకాయి యెంతో కరణముగారి లెక్కలకే తెలియును. ఆ లెక్కలు ఆయన యింట, ఆయన పెట్టెలో, ఇతరులకు బోధపడని దస్తూరిలో నుండెడివి. ఉద్యోగము తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. మంచి కరణములు లేకపోలేదు. కాని ఆ మంచితనము ఆయన యిష్టమేగాని రైతు హక్కు గాదు. 1984 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఈ గ్రామోద్యోగములను రద్దుచేసెను. మఱుసటి యేట మండలముల నేర్పఱచెను. కచ్చేరి దగ్గఱకు వచ్చినది గాని దాని స్వభావము వెంటనే మాఱలేదు. గుమ్మమున బంట్రోతు, చెట్టుక్రింద అర్జీలు వ్రాయువాడు, ఇద్దఱి నడుమ దళారి, ఎప్పటివలెనే యుండిరి. 2001లో జంటనగరములందు ఈసేవ కేంద్రములు, 2011లో మీసేవ కేంద్రములు వచ్చి, అధికారి సంతకము యంత్రమునందే పడసాగిన తరువాత ఈ వ్యవహారము చాలవఱకు సడలినది. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ యను పేర వాట్సాపుద్వారా 161 సేవలు మొదలైనవి. దళితవాడనుండి చదువులకు పోవు పిల్లవాడు తన కులమును ధ్రువపఱచు కాగితమునకై, ఆ కులమునే చులకనగా జూచువాని వాకిట చేతులు కట్టుకొని నిలువవలసిన యగత్యము వీనివలన కొంతకు కొంత తప్పినది. ఇది యెంత మేలో, అట్లు నిలువబడి యెఱుగనివారికి తెలియదు.

యంత్రమువలన దొంగతనము తగ్గుననుటయు వట్టిమాట గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ కూలిని, పింఛనులను వేలిముద్రలుగల స్మార్టుకార్డులద్వారా చెల్లించు ప్రయత్నము జరిగినది. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను అర్థశాస్త్రవేత్తలు దానిని 157 మండలములలో పరీక్షించి తమ ఫలితములను 2016లో ప్రకటించిరి. కూలి త్వరగా చేతికందినది. నడుమ మ్రింగువారి పాలు తగ్గినది. ఇది మన గడ్డమీదనే తేలిన నిజము. యంత్రమును నిందించుటయే పేదలపక్షము వహించుట యని తలచు మిత్రులు దీనిని మఱవరాదు. అయితే ఆ ప్రయత్నమునందొక విశేషమున్నది. కార్డు లేనివానికి, కార్డు పనిచేయనివానికి కూలి చెల్లింపు మానలేదు. పాత పద్ధతియు ప్రక్కన సాగుచునే యుండెను. ఈ చిన్న సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మరల పనిపడును.

ఇక వేలిముద్ర మాట. మన సంఘమున వేలిముద్ర యనునది చిరకాలము అవమానచిహ్నముగా నుండెను. ‘వేలిముద్రగాడు’ అనినచో చదువురానివాడని యర్థము. నిశిపాఠశాలలు పెట్టినవారందఱి మొదటి ప్రతిజ్ఞ ఆ నల్లసిరాను బొటనవ్రేలినుండి కడిగివేయుటయే. నెల్లూరు జిల్లాలో 1990వ దశకారంభమున సాక్షరతోద్యమము సాగినప్పుడు వీధిబడులలో కూర్చుండిన స్త్రీలు తమ పేరు తాము వ్రాయ నేర్చిరి. నేర్చిన చేతులతోనే సారా దుకాణములను మూయించిరి. అట్టి దేశమున నేడు ఎం.ఏ. చదివినవాడును బియ్యమునకు, పింఛనుకు వ్రేలే చూపవలసివచ్చినది. సంతకమున కిప్పుడు విలువ లేదు. దీనిని జూచి నవ్వవలెనో విచారింపవలెనో మాకు తెలియదు. సమానత్వ మొక విధముగా వచ్చినదని సరిపెట్టుకొనవచ్చును.

కాని సమానత్వమును సంపూర్ణముగా రాలేదు. వ్రేళ్ళన్నియు నొక్కటి గావు. కాగితములు త్రిప్పువాని వ్రేలిపై గీతలు చెక్కుచెదరకుండును. నలువదేండ్లు మిరపకాయలు కోసినదాని వ్రేలు, బీడీలు చుట్టినదాని వ్రేలు, రాళ్ళు కొట్టినవాని వ్రేలు అఱిగి నున్ననగును. ముదిమి మీదపడినకొలది చర్మము ముడుతలు పడి యంత్రమునకు చిక్కదు. కుష్ఠువ్యాధివలన వ్రేళ్ళే పోయినవారి సంగతి చెప్పనక్కఱలేదు. కనుపాపను చూచు యంత్రములు, ముఖమును చూచు యంత్రములు వచ్చినవి. అవి కొంత మేలు. అయినను శుక్లములు కమ్మిన కన్ను గలది ఆ ముసలిదే. మొత్తముమీద తేలినదేమనగా, ఎవడెక్కువ పాటుపడెనో వానిని యంత్రము తక్కువగా గుర్తించును. దీనిని ఎవ్వరును కోరి చేయలేదు. ఏ అధికారి మనస్సునందును కూలివానిపై ద్వేషము లేదు. అయినను ఫలితమట్లే యున్నది. కోరనిదైనను జరుగుచున్నదని తెలిసిన తరువాత దానిని జరుగనిచ్చుట కోరి చేయుటకంటె నెంత దూరము?

ఇక్కడ రెండువిధముల పొరపాట్లను వేఱుచేసి చూడవలెను. అర్హత లేనివాని కిచ్చుట యొక పొరపాటు. అర్హునకు మానుట యింకొకటి. లెక్కలు వ్రాయువారికి రెండును ఒక్కతీరుగా కానవచ్చును. మొదటిదానివలన ఖజానాకు నష్టము. ఆ నష్టము కోట్లమందిపై పరచుకొని యొక్కొక్కరికి పైసాయైన తగులదు. రెండవదానివలన నష్టపడునది యొక్క యిల్లే. అది ఆ రాత్రికే తెలియును. జార్ఖండ్ రాష్ట్రమున సిమ్డేగా జిల్లాలో 2017 సెప్టెంబరున పదునొకండేండ్ల బాలిక మరణించినది. ఆధార్‌తో కలుపలేదని తమ రేషనుకార్డును తీసివేసిరనియు, ఆకలిచే బిడ్డ పోయెననియు తల్లి చెప్పినది. మలేరియాచే పోయినదని అధికారులు చెప్పిరి. ఆ తగవును తీర్చుట మాకు శక్యము గాదు. కాని కార్డు పోయినమాట, బియ్యము రానిమాట ఆ తగవులోనివి గావు.

ఆ జార్ఖండ్‌లోనే పైని చెప్పిన అర్థశాస్త్రవేత్తలు మరల పరిశీలించిరి. రేషను దుకాణములలో వేలిముద్ర సరిపోలిననే బియ్యమను నియమము పెట్టినచోట దొంగతనము తగ్గలేదని తేలినది. అంతకుముందు ఆధార్ నమోదుచేయించుకొనని కార్డుదారులు నూటికి 23 మంది. వారికందు బియ్యము నూటికి 10 వంతులు తగ్గినది. మన రాష్ట్రమున మేలుచేసిన యంత్రము అక్కడ నేల కీడుచేసెను? యంత్రమొక్కటే. మనచోట అది అదనపు దారిగా వచ్చినది. అక్కడ అది తలుపుగా నిలిచినది. దొంగతనము తగ్గకపోవుటకును తగిన కారణమున్నది. దుకాణదారుడు నాలుగు కిలోలు తూచి అయిదని వ్రాసికొన్నచో, ఆ అయిదింటికిని వ్రేలు వేయునది బియ్యమునకు వచ్చినవాడే. ముద్ర నిజమైనదే, తూకమే అబద్ధము. వ్రేలిని చూచు యంత్రము త్రాసును చూడదు.

‘అయ్యా, ఖజానా సొమ్ము ప్రజలదే కదా, దానిని కాపాడవలదా?’ అని కొందఱు పెద్దలు మమ్మడుగుదురు. కాపాడవలసినదే. దొంగకార్డులు వ్రాయించుకొని బియ్యమును బజారుకు తోలినవారిని మేమెఱుగుదుము. కాని న్యాయస్థానమున దొంగ యని పట్టితెచ్చినవానిని సహితము నేరము రుజువగువఱకు నిర్దోషిగానే చూతుము. రుజువు చేయవలసిన భారము పట్టితెచ్చినవారిదే. రేషను దుకాణమున మాత్రము సంచిపట్టుకొని వచ్చిన ముసలిది తాను తానేయని నెలనెలయు రుజువు చేసికొనవలెను. అదియు, మాటలు వినని వస్తువు నెదుట. ఊరంతయు దాని నెఱుగును. దుకాణదారుడు దాని కొడుకుతో బడికి పోయినవాడు. అయినను ‘నేనేమి చేయుదును పెద్దమ్మా, మిషను ఒప్పుకొనలేదు’ అనును. అతడు అబద్ధమాడుటలేదు. ఈ వాక్యమునందే మా భయమంతయు నున్నది. పూర్వము లేదన్నవాడొక మనుష్యుడు. వానిని తిట్టవచ్చును, బ్రతిమాలవచ్చును, పైవానితో చెప్పవచ్చును, ఊరిలో తలవంపు కలిగింపవచ్చును. ఇప్పుడు లేదనుట జరుగును గాని, లేదన్నవాడు లేడు.

నియమములందు దయ లేకపోలేదు. వేలిముద్ర సరిపోలనంతమాత్రమున అర్హునకు మానరాదనియు, వేఱు విధమున గుర్తించి యిచ్చి ఆ సంగతి వ్రాసిపెట్టవలెననియు ఆధార్ సంస్థయే 2017 అక్టోబరులో ఉత్తరువు పంపినది. 2018 సెప్టెంబరు 26న సుప్రీముకోర్టులో నలుగురు న్యాయమూర్తులు సంక్షేమ పథకములకు ఆధార్ వినియోగమును సమర్థించిరి. అయిదవవారైన చంద్రచూడ్‌గారు భిన్నాభిప్రాయము వ్రాసి, సరిపోలుట సరిపోలకపోవుట యను సంభావ్యతపై మనుష్యుల హక్కులు ఆధారపడరాదని వాదించిరి. అయితే కాగితముపై నున్న మినహాయింపు దుకాణమున నేల కానరాదు? కారణము కష్టమైనది గాదు. యంత్రమున నమోదైన అమ్మకమును బట్టియే దుకాణమున మిగిలియుండవలసిన సరకు లెక్కకట్టబడును. పుస్తకములో వ్రాసి యిచ్చినది ఆ లెక్కకు చేరనిచో కొఱత దుకాణదారునిపై బడును. అతడు మంచివాడైనచో నష్టపడును. చెడ్డవాడైనచో ఆ పుస్తకముతోనే దొంగలెక్క వ్రాయును. కాబట్టి పైవారు ఆ పుస్తకమును అనుమానింతురు. ఇట్లు మినహాయింపును వాడుటయే నేరమువలె కనబడసాగును.

ఈ చిక్కునకు మన రాష్ట్రమున నొక మార్గము కనిపెట్టిరి. ముద్ర పడనివారి బదులు గ్రామ రెవిన్యూ అధికారి తన వ్రేలిని యంత్రముపై నుంచి సరకిప్పించు పద్ధతి నడిచినది. దీనిని వట్టి ఉపాయమని తలపరాదు. ఇందు పెద్ద ధర్మసూక్ష్మమున్నది. ‘ఈమెను నేనెఱుగుదును; ఈమె ఈమెయే; కాదని తేలినచో నన్నడుగుడు’ అని యొక మనుష్యుడు తన పేరును పణముగా పెట్టుచున్నాడు. మన పల్లెటూళ్ళలో దీనిని పూచీ పడుట యందురు. అప్పునకును, పెండ్లికిని, జామీనుకును మనవారు పూచీమీదనే నడచిరి. పూచీకత్తు దొంగ కావచ్చును గదా యనవచ్చును. కావచ్చును, కాని యతని ముద్ర తేదీతో, వేళతో యంత్రమున నిలిచియుండును. ఒక్కడే నెలకు వందమందికి వ్రేలు వేసినచో అది పైవారికి తెలియును. ఇచట యంత్రము కాపలా కాయుచున్నది. అయితే అది కాయునది ముసలిదానిని గాదు, అధికారిని. యంత్రమున కిదియే తగిన స్థానమని మా తలంపు. అధికారి నిత్యము ఊరిలో దొరకడను ఫిర్యాదున్నది, నిజమే. దొరకునట్లు చేయుట ప్రభుత్వముపని.

తెలంగాణములోని భూముల కథ ఇంతకంటె విపులమైనది. 2020 సెప్టెంబరున అచ్చటి ప్రభుత్వము గ్రామ రెవిన్యూ అధికారుల ఉద్యోగములను రద్దుచేసి, అక్టోబరు 29న ధరణి యను భూముల పట్టికను యంత్రమున ప్రారంభించెను. లంచములు విసిగించినమాట నిజము. రద్దునాడు రైతులు సంతోషించినమాటయు నిజము. భూమి కొన్ననాడే పేరుమార్పిడియు నగుట గొప్ప సౌకర్యమే. కాని తాతలనాటి పొలము పట్టికలో కనబడనివాడు, కొంత విస్తీర్ణము తగ్గినవాడు, తన పట్టాభూమి నిషేధ జాబితాలో చేరినవాడు ఎచటికి పోవలెను? అనుభవదారుని పేరు వ్రాయు గడియే పట్టికనుండి పోయినది. ఊరిలో అడుగుటకు మనుష్యుడు లేడు. తహశీలుదారునకు దిద్దు అధికారము లేదు. సివిలు కోర్టుకు పొమ్మనిరి. రెండెకరముల రైతు సివిలు కోర్టుకు పోయినచో ఆ రెండెకరములును అక్కడనే తీఱును. తరువాత కొన్ని సవరణలు వచ్చినవి. తుదకు 2025 ఏప్రిలు 14న భూభారతి చట్టమును ఆరంభించి, దిద్దుటకును అప్పీలుకును అధికారులను ఏర్పఱచిరి. ఆ యేటనే గ్రామ పాలనాధికారులను పేర ఊరికొక మనుష్యుని మరల పంపనారంభించిరి. 1984లో కరణమును, 2020లో ఆయన వారసుని వంటివానిని తీసివేసితిమి. రెండుమాఱులును కోపము న్యాయమైనదే. కాని మనకు కావలసినది మనుష్యుడు లేకుండుటయా, జవాబు చెప్పు మనుష్యు డుండుటయా యని ఆ కోపములో విచారింపలేదు.

జవాబు చెప్పించుటకు మనవారు కనుగొన్న మఱియొక పద్ధతిని చెప్పకుండ నుండలేము. 2005 నాటి ఉపాధి హామీ చట్టము అమలైనపుడు, ఉమ్మడి రాష్ట్రమున 2006 మొదలు సామాజిక తనిఖీలు నడిచినవి. ఎవరెన్ని దినములు పనిచేసిరి, ఎవరికెంత కూలి ముట్టినది యను వివరములన్నియు కంప్యూటరునందుండెను. ఊరి యువకులు ఆ కాగితములు తీసికొని యిల్లిల్లు తిరిగి విచారించి, పిమ్మట సభలో అందఱియెదుట చదివిరి. చచ్చినవారి పేర కూలి వ్రాసిన సంగతులు, త్రవ్వని గుంటలకు డబ్బు తీసిన సంగతులు ఆ సభలలో బయటపడెను. తీసినవారిలో కొందఱు అక్కడికక్కడ తిరిగి చెల్లించిరి. యంత్రము వ్రాసినది, ఊరు చదివినది. అక్షరములు రాని స్త్రీయు తన పేర వ్రాసినది విని ‘నేనా పనికి పోలేదు’ అని లేచి చెప్పినది. ప్రభుత్వసేవలు పల్లెకు చేరుటయనగా మా దృష్టిలో ఇట్టిది. ఫోను చేరుట దానిలో నొక భాగము మాత్రమే.

ఫోనుమాట వచ్చినది గనుక మన యాడువారినిగుఱించి యొక్క మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 మందియే. మిగిలినవారికి ఫోననగా భర్తది, కొడుకుది, మఱదిది. వితంతువు పింఛనుకు సంబంధించిన సందేశము మఱదిగారి ఫోనుకు పోవును. ఓటీపీ యను ఆ ఆఱంకెలు ఆయన చెప్పిననే ఆమె పని సాగును. ఆమె పేర వచ్చు సొమ్మెంతో ఆమెకంటె ముందు ఆయన కెఱుక. వితంతువు చేతిలో నాలుగురూపాయ లుండవలెనని మన పెద్దలు నూఱేండ్లు పోరాడిరి. ఆ రూపాయలను తాళమువేసి, తాళపుచెవిని మఱల మగవాని జేబులో వేయుచున్నామేమో చూచుకొనవలదా? మన యిండ్లలో పనిచేయు స్త్రీ ఫోను తెచ్చి ‘ఇందేమి వచ్చినదో చూడుడమ్మా’ అనినపుడు చూచి చెప్పుట దయ. ఆమె ఖాతాకు ఆమె సొంత నంబరే యున్నదా యని కనుగొని, లేనిచో మార్పించుకొనునట్లు చేయుట అంతకంటె నెక్కువ పని; దానికొక పూట పట్టును.

గుమ్మము కడకు వచ్చినది వెనుకకు పోయినచో నేమగునో 2024లో చూచితిమి. ఎన్నికల వేళ వాలంటీర్లు పింఛనులు పంచరాదని ఎన్నికల సంఘము కట్టడిచేసినది. ఏప్రిలులో చాలమంది ముసలివారు సచివాలయములకు, మే నెలలో బ్యాంకులకు ఎండలో నడచిరి. ఎండదెబ్బచే కొందఱు మరణించిరని పత్రికలు వ్రాసినవి. నేరము మీదనగా మీదని పక్షములు రెండును అఱచుకొనినవి. జూలై 1న సచివాలయపు ఉద్యోగులే ఇంటింటికి పోయి యిచ్చిరి. ఆ పని సాధ్యమేయని దానితో తేలినది. అయితే ఆ రెండునెలలు నడచినవారికి, మీకు పింఛను ఇంటికి రాకపోవుటకు కారణమిది, బాధ్యులు వీరు అని వ్రాసియిచ్చినవారు మాత్రము కానరారు.

వ్రాసియిచ్చుట కొత్త కోరిక గాదు. ప్రభుత్వ నిర్ణయమువలన బాధపడినవానికి దాని కారణములు తెలుపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ విభాగముననే యున్నది. రేషను దుకాణపు యంత్రమునకు చీటీలు ముద్రించు నేర్పు ముందే కలదు. బియ్యమిచ్చినప్పుడు తేదీ, తూకము, ధర వేసి చీటీ నిచ్చును. ఈయనప్పుడు మాత్రమేమియు నీయదు. సంచి మడిచికొని పోవు ముసలిదాని చేతిలో, తాను వచ్చినట్లుగాని కాదన్నట్లుగాని గుఱుతు లేదు. పైవారి లెక్కలలో ఆమె ఆ నెల రాని మనిషియే. ఆ రెండవ చీటీనికూడ ముద్రింపవలెనని మేమడుగుచున్నాము. దానిపై మొదట తేదీ యుండవలెను; ముద్ర పడలేదో, సరకు లేదో, సర్వరు పనిచేయలేదో తెలుగున వ్రాసియుండవలెను; ఆనాడు ఆమెకు పూచీపడి యిప్పింపవలసిన యధికారి పేరును, అతడు కూర్చుండు చోటును ఉండవలెను. అందుకు పట్టు కాగితము జానెడైన నుండదు.